ముసురు రోజున నోర్డ్‌లింగెన్ కోటగోడ మీద

(ఒక గ్రంథాలయంలో జరిగిన యాత్రా ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

గ్రంథాలయం వాళ్ళు నన్ను పిలిచి, "జర్మనీ వెళ్ళొచ్చారు కదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. జర్మనీ విశేషాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి? అందుకని నేనూ ఒక షరతు పెట్టాను. ఒక్క ఊరి గురించే చెబుతాను, అదీ ముసురు పట్టిన ఒక్క రోజు గురించి. బెర్లిన్, మ్యూనిక్ చూపించడానికి యూట్యూబ్‌లో కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. (నవ్వులు)

ఊరి పేరు నోర్డ్‌లింగెన్. దక్షిణ జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో ఉంది. జనాభా ఇరవై వేల పైచిలుకు. మధ్యయుగాల్లో కట్టిన కోటగోడ చుట్టూ చెక్కు చెదరకుండా నిలబడి ఉన్న ఊరు. ఆ ప్రాంతంలోనే రోటెన్‌బర్గ్, డింకెల్స్‌బ్యూల్ అని ఇలాంటి ఊళ్ళు ఇంకో రెండున్నాయి. 1950లో పర్యాటకుల కోసం ఒక దారికి 'రొమాంటిక్ రోడ్' అని పేరు పెట్టి, ఈ ఊళ్ళన్నిటినీ ఆ దారిలో కలిపారు. బస్సుల్లో వచ్చే జనం ఎక్కువగా రోటెన్‌బర్గ్‌లోనే దిగుతారు. అది అందమైన ఊరే, కాదనను. కానీ అక్కడ పాత వీధులన్నీ మనం చూడటం కోసమే నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది. నోర్డ్‌లింగెన్‌లో జనం తమ పనుల్లో తాము ఉంటారు, మధ్యలో మనం వెళ్ళి చూసుకుంటాం. నాకు ఇదే నచ్చింది.

మా అమ్మాయి ఉండేది ఆగ్స్‌బర్గ్‌లో. అది అక్టోబరు. రెండు రోజులుగా ముసురు. మన దగ్గర వాన కురిస్తే కురిసినట్టు తెలుస్తుంది. అక్కడి వాన అలా కాదు. చప్పుడు లేకుండా, తెరిపి ఇవ్వకుండా పొద్దస్తమానం పడుతూనే ఉంటుంది. "ఈ వానలో ఎక్కడికి నాన్నా, ఇంట్లోనే ఉండండి" అంది అమ్మాయి. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం? మా ఆవిడ అప్పటికే వాళ్ళ వంటింటి అలమరాలన్నీ సర్దేసింది. (నవ్వులు) అమ్మాయి ఆఫీసులో ఎవరో చెప్పారట, "వానలో చూడదగ్గ కోట ఒకటుంది, దాని గోడకి పైకప్పు ఉంటుంది" అని. గోడకి పైకప్పు ఏమిటి? నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను.

డోనావ్యోర్ట్ అనే చోట రైలు మారాలి. డాన్యూబ్ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అక్కడినుంచి చిన్న రైలు. దారిలో కొండ మీద హార్‌బుర్గ్ కోట కనిపిస్తుంది. అది దాటగానే కొండలు అటూ ఇటూ తప్పుకుని, పళ్ళెంలాంటి చదును నేల మొదలవుతుంది. ఎటు చూసినా పొలాలు, దూరంగా చుట్టూ అడవి పట్టిన కొండల అంచు. ఆ రోజు ఆ అంచు మబ్బుల్లో సగం మునిగిపోయి ఉంది.

ఆ చదును నేలను రీస్ అంటారు. 24, 25 కిలోమీటర్ల వెడల్పు. సుమారు 1 కోటి 48 లక్షల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి ఒక గ్రహశకలం వచ్చి అక్కడ గుద్దుకుంది. కిలోమీటరుకు పైగా వెడల్పున్న బండ అది. ఆ గుద్దుడుకి పడిన గుంటే ఈ రీస్. ఆ గుంట లోపల, నడిమధ్యన కాదు, కొంచెం పక్కగా ఉంది నోర్డ్‌లింగెన్. అంటే మనం రైల్లో వెళ్ళేది ఒక ఉల్కాపాతపు గుంటలోకన్నమాట. ఈ సంగతి మళ్ళీ వస్తుంది, ఆ ఊరి చర్చి దగ్గర.

స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే డైనింగర్ ద్వారం. గోడకు ఇలాంటి ద్వారాలు ఐదున్నాయి. డైనింగర్, ల్యోప్సింగర్, బాల్డింగర్, బెర్గర్, రైమ్లింగర్. బెర్గర్ తప్ప మిగతా నాలుగిటికీ, ఏ ద్వారంలోంచి వెళితే ఏ ఊరు వస్తుందో ఆ ఊరి పేరే. ద్వారం పక్కన రాతి మెట్లు. ఎక్కితే గోడ మీద నడవ. కింద చెక్క పలకలో రాళ్ళో పరిచి ఉంటాయి, ఒక వైపు రాతిగోడ, రెండో వైపు కొయ్య కటకటాలు, పైన దూలాలు, దూలాల మీద పెంకులు. ఈ నడవ ఊరి చుట్టూ 2.7 కిలోమీటర్లు ఉంటుంది. ఇలా పైకప్పు కింద ఊరంతా చుట్టి రాగలిగే కోటగోడ జర్మనీలో ఇదొక్కటే. టికెట్ లేదు. గేటు దగ్గర ఎవరూ అడగరు. మా ఆవిడ గొడుగు మూసి సంచిలో పెట్టేసింది.

ఇక్కడ కొంచెం ఆగి గోడ కట్టడం గురించి చెప్పాలి. మీకు విసుగొస్తే చెయ్యెత్తండి. (నవ్వులు)

పైకప్పు ఎందుకు పెట్టారు? ఎండలో ఆలోచిస్తే తోచదు, ఆ రోజు వానలో నిలబడితే ఇట్టే తెలిసిపోయింది. మొదటిది, కాపలా కాసే సైనికుడి సామాను. పాత కాలంలో అడ్డువిల్లుకి, అదే క్రాస్‌బోకి, నారి తడిస్తే సాగిపోతుంది, బాణం దూరం పోదు. తరవాత తుపాకులొచ్చాయి. అప్పటి తుపాకీకి వత్తి అంటించాలి, మందు పోయాలి. రెండిట్లో ఏది తడిసినా అది ఒట్టి ఇనప గొట్టమే. శత్రువు వాన చూసుకునే వస్తాడు కదా. రెండోది నాబోటివాడికి ముఖ్యమైనది. రాతిగోడకి అసలు శత్రువు నీళ్ళు. గోడ నెత్తి మీద పడిన నీళ్ళు సున్నం సందుల్లోంచి లోపలికి దిగుతాయి. మన దగ్గర ఆ తేమలో రావిమొక్క మొలుస్తుంది. వాళ్ళ దగ్గర చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకడితే ఉబ్బుతాయి, ఉబ్బితే రాయి పగులుతుంది. ఏటేటా ఇదే. నెత్తి మీద పెంకు కప్పితే గోడ బతుకుతుంది. ఆ పెంకులు మాత్రం మార్చుకుంటూ ఉండాలి. దూలం పుచ్చితే దూలం మార్చాలి. నడుస్తుంటే నల్లబడిన పాత దూలం పక్కనే పచ్చగా కొత్త దూలం కనిపిస్తుంది, దాని పక్కన మళ్ళీ పాతది. ఎవరూ ఒకటే రంగు పూసి కలిపేయలేదు. ఎక్కడ రిపేరు జరిగిందో కళ్ళకు కనిపిస్తుంది. అది నాకు చాలా నచ్చింది.

ఈ గోడను మొదలుపెట్టింది 1327లో, బవేరియా లుడ్విగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద. అప్పటికే ఊరికి లోపల ఒక పాత గోడ ఉండేది. దాని బయట తోళ్ళవాళ్ళు, నేతవాళ్ళు, చిన్న పనివాళ్ళు పేటలు కట్టుకున్నారు. ఆ పేటలను కూడా లోపల కలుపుకుంటూ కట్టిన గోడ ఇది. పాత గోడ పోయింది గానీ దాని గుర్తు పోలేదు. ఊరి మ్యాప్ తీసి చూస్తే లోపల ఒక గుండ్రని వీధి కనిపిస్తుంది. అదే పాత గోడ, పాత అగడ్త ఉన్న చోటు. ఒక వలయంలో ఇంకో వలయం.

వలయంలో వలయం అనగానే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. నేను వరంగల్ వాణ్ణి, నాకు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? మన ఓరుగల్లు రాతికోట వ్యాసం 1.2 కిలోమీటర్లు, దాని బయట మట్టికోట రెండు కిలోమీటర్ల పైన. నోర్డ్‌లింగెన్ మొత్తం మన రాతికోటలో పట్టేస్తుంది. మన గోడకు లోపలి వైపు పొడవునా మెట్లున్నాయి, మీరంతా చూసే ఉంటారు. ఎక్కడ గొడవైతే అక్కడ సైనికులు పైకి ఉరకడానికి. వాళ్ళకు మెట్లు కొన్ని చోట్లే ఉన్నాయి, కానీ పైన ఎండావానా తగలకుండా చుట్టూ తిరగొచ్చు. ఎవరి అవసరం వాళ్ళది. ఇంకో సంగతి. వాళ్ళు గోడ మొదలుపెట్టిన 1327కి సరిగ్గా నాలుగేళ్ళ ముందు, 1323లో, ఓరుగల్లు తుగ్లక్ సైన్యానికి లొంగిపోయింది. ఇక్కడ ఒక కోట కథ ముగుస్తుంటే అక్కడ ఒకటి మొదలైంది. దీన్ని పట్టుకుని పెద్ద సిద్ధాంతం ఏమీ చేయను. తారీఖులు పక్కపక్కన పెడితే సరదాగా ఉంటుంది, అంతే.

సరే, నడవ మీదికి వద్దాం. గోడ మీద నడిచేవాడికి ఊరి ముఖం కనిపించదు. ఊరి వీపు కనిపిస్తుంది. బజారులో నిలబడితే ఇళ్ళు రంగులేసుకుని, కిటికీల్లో పూలకుండీలు పెట్టుకుని నిలబడతాయి. గోడ మీదినుంచి చూస్తే వాటి పెరళ్ళు. చెక్క షెడ్డులో పేర్చిన వంటచెరకు, పిల్లల మూడు చక్రాల సైకిల్, క్యాబేజీ మడి, వానలో ఎవరో తీయడం మరిచిపోయిన తువ్వాలు. కొన్ని చోట్ల గోడకే ఆనించి చిన్న చిన్న ఇళ్ళు కట్టారు. ఒకప్పుడు ఊరి సైనికులుండేవారట వాటిల్లో. ఇప్పుడు మామూలు జనం. ఒక ఇంటి వంటింటి కిటికీ మేము నడిచే దారికి ఎంత దగ్గరగా ఉందంటే, లోపల ఒక పెద్దాయన ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తి మాకు తలూపాడు. మా ఆవిడ కూడా తలూపింది. ఆయన తరిగే తీరు చూసి "చేతికి అలవాటున్న మనిషే" అని నాతో అంది.

ఎండ రోజున వెళ్ళి ఉంటే మేమూ బజార్లో ఐస్‌క్రీమ్ తింటూ ముఖద్వారాలకు ఫోటోలు తీసుకుని వచ్చేసేవాళ్ళం. వాన మమ్మల్ని పైకప్పు కిందికి తరిమింది. పైకప్పు ఉన్నది గోడ మీదే.

ల్యోప్సింగర్ ద్వారం గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1440లో పక్క సంస్థానం ఓటింగెన్ ప్రభువుకి ఈ ఊరి మీద కన్ను పడింది. ద్వారపాలకులకు లంచమిచ్చి, రాత్రి తలుపు గడియ వేయకుండా ఉంచమన్నాడు. ఆ రాత్రి ఒకావిడ ఆ దారినే పోతుంటే ఒక ఆడపంది తలుపుకి ఒళ్ళు రుద్దుకుంటోంది. తలుపు కదిలింది. ఆవిడ అరిచి అందరినీ లేపేసింది, ఊరు బతికింది. ఇప్పటికీ చర్చి గోపురం మీద ఉండే కాపలాదారు రాత్రి పది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి కిందికి ఒక కేక వేస్తాడు. ఆవిడ ఆనాడు అన్న మాట అదేనంటారు. కథ నిజమో కాదో గానీ, జీతం తీసుకునే కాపలాదారు మాత్రం నిజం. ఊరిని కాపాడిన పందికి ఇంత మర్యాద చేసిన ఊరు ఇంకెక్కడైనా ఉందేమో మీరే చెప్పాలి. (నవ్వులు)

వాయవ్యం మూలకు వచ్చేసరికి కింద నీళ్ళ చప్పుడు. ఏగర్ అని చిన్న ఏరు, ఊళ్ళోకి వచ్చి పోతుంది. దాని ఒడ్డున తోళ్ళు ఊనేవాళ్ళ పేట. ఆ ఇళ్ళు చూడగానే గుర్తుపట్టొచ్చు. అటకలు ఎత్తుగా, గాలి ఆడేటట్టు ఖాళీలు వదిలి కట్టారు. తోళ్ళు ఆరబెట్టాలి కదా. అంత వానలో నాకు ఒకటే ఆలోచన, ఇలాంటి వారాల్లో వాళ్ళ పని ఎలా సాగేదో అని. తడి తోళ్ళు, ఆరని అటకలు, ఆ వాసన. ఇప్పుడు ఆ పేట ఊళ్ళో అందమైన చోటుగా ఫోటోల్లో పడుతోంది.

ఈ ఊరు ఒకప్పుడు చాలా డబ్బున్న ఊరు. 1215 నుంచి ఏ సామంతుడికీ లోబడకుండా నేరుగా చక్రవర్తి కిందే ఉన్న స్వతంత్ర నగరం. క్రైస్తవుల పెంతెకొస్తు పండగకు జరిగే ఇక్కడి సంత గురించి 1219 నాటి పత్రంలోనే ఉంది. దక్షిణ జర్మనీలో పేరు మోసిన సంత అది. ఇప్పటికీ జరుగుతుంది గానీ, ఇప్పుడు రంగులరాట్నాలూ తినుబండారాలూనూ. అంత డబ్బున్న ఊరికి ఏమైంది?

యుద్ధం వచ్చింది. ముప్పై ఏళ్ళ యుద్ధం, 1618 నుంచి 1648 దాకా. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ అని మొదలై, చివరికి ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో తెలియని యుద్ధం. నోర్డ్‌లింగెన్ ప్రొటెస్టెంట్ ఊరు, లోపల ప్రొటెస్టెంట్ల తరఫున పోరాడే స్వీడన్ పక్షం దళం ఉంది. 1634లో చక్రవర్తి సైన్యం వచ్చి ముట్టడించింది. సెప్టెంబరు 5, 6 తేదీల్లో ఊరికి దక్షిణాన గుట్టల మీద పెద్ద యుద్ధం. స్వీడన్ సేనాని గుస్టాఫ్ హార్న్ పట్టుబడ్డాడు. ఊరు లొంగిపోయింది. యూరప్ చరిత్రలో అదొక మలుపు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్ నేరుగా యుద్ధంలోకి దిగాల్సి వచ్చింది. కానీ ఊరికి మలుపులతో పనేముంది? ముట్టడి, ఆకలి, ప్లేగు కలిసి ఆ యుద్ధం ముగిసేసరికి జనాభాలో సగం మందికి పైగా పోయారు. వ్యాపారం వేరే దారులు పట్టింది. ఊరు మళ్ళీ ఆ స్థాయికి రాలేదు.

గోడ మిగలడానికి కారణం ఇదే, చాలావరకు. డబ్బున్న ఊళ్ళు తమ గోడలు కూల్చుకున్నాయి. ఆస్ట్రియా చక్రవర్తి 1857లో వియన్నా కోటగోడ పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చి ఆ జాగాలో వెడల్పాటి రింగ్ రోడ్డు వేయించాడు, భవనాలు కట్టించాడు. నోర్డ్‌లింగెన్ గోడ దాటి పెరగలేదు, కూల్చాల్సిన అవసరం రాలేదు, కూల్చే డబ్బూ లేదు. తరవాత 19వ శతాబ్దంలో పాతవాటి మీద మోజు పుట్టింది. పక్కనే డింకెల్స్‌బ్యూల్‌లో 1826లో బవేరియా రాజు మొదటి లుడ్విగ్ గోడలు కూల్చొద్దని ఆపించాడు. మనం ఫోటో తీసుకునే అందం వెనక రెండు వందల ఏళ్ళ పేదరికం ఉంది. టూరిస్టు బ్రోచర్‌లో ఈ ముక్క రాయరు.

ఇంకో ముక్క కూడా అంత పెద్దగా రాయరు. 1589 నుంచి 1598 దాకా ఈ ఊళ్ళో మంత్రగత్తెల విచారణలు జరిగాయి. 34 మంది ఆడవాళ్ళని, ఒక మగవాణ్ణి చంపేశారు. వాళ్ళలో రెబెక్కా లెంప్ అనే ఆవిడ ఊరి ఖజానా ఉద్యోగి భార్య. జైల్లోంచి భర్తకు రాసిన ఉత్తరాలు మిగిలాయి. తను ఏ తప్పూ చేయలేదనీ, చిత్రహింస తట్టుకోలేకపోతున్నాననీ రాసుకుంది. 1590లో ఆవిణ్ణి చంపారు. చంపినవాళ్ళు బయటి శత్రువులు కాదు, ఊరి కౌన్సిల్ పెద్దలు. గోడ కాపాడింది బయటివాళ్ళ నుంచే.

మరియా హోల్ కథ వేరు. ఆవిడ పూటకూళ్ళ సత్రం నడిపే మనిషి, పుట్టిల్లు ఉల్మ్ నగరం. 1593లో పట్టుకున్నారు. యాభైకి పైగా సార్లు చిత్రహింస పెట్టారు. ఒప్పుకోలేదు. ఉల్మ్ నగరం వాళ్ళు ఆవిడ పక్షాన మాట్లాడారు. 1594లో వదిలిపెట్టక తప్పలేదు. ఆవిడ తరవాత ఇంకో నలభై ఏళ్ళు ఆ ఊళ్ళోనే బతికింది. తనను హింసించినవాళ్ళ వీధుల్లోనే రోజూ నడుస్తూ! ఇప్పుడు వైన్ బజారులో ఆవిడ పేరుతో ఒక ఫౌంటెన్ ఉంది. వానలో దాని దగ్గర మేమిద్దరమే ఉన్నాం. మా ఆవిడ ఆ కథ విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఆమె సత్రానికి మళ్ళీ ఎవరైనా భోజనానికి వచ్చి ఉంటారంటారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు చర్చి. సెయింట్ జార్జ్ చర్చి, 1427లో మొదలుపెట్టి 1505లో పూర్తి చేశారు. దాని గోపురాన్ని ఊరివాళ్ళు డేనియల్ అని పిలుస్తారు. 90 మీటర్లు, 350 మెట్లు. ఆ వానలో ఎక్కితే మబ్బు తప్ప ఏమీ కనిపించదని టికెట్ ఇచ్చే ఆయనే చెప్పాడు, నా మోకాళ్ళూ అదే చెప్పాయి. (నవ్వులు) అందుకని కిందే ఉండి గోడ రాయి చూశాను. బూడిద రంగు రాయి. తడిసినప్పుడు దాంట్లో నల్లటి గాజు ముక్కలు, వేరు వేరు రాళ్ళ తునకలు బాగా తేలి కనిపిస్తాయి. చాలా కాలం దీన్ని అగ్నిపర్వతం రాయి అనుకున్నారు. రీస్ గుంట కూడా అగ్నిపర్వతం వల్ల ఏర్పడిందనే పుస్తకాల్లో రాశారు.

1960 వేసవిలో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ ఇక్కడికొచ్చాడు. ఓటింగ్ అనే చోట క్వారీలో ఈ రాయి ముక్కలు తీసి, అమెరికాలో ఉన్న సహచరుడు ఎడ్వర్డ్ చావోకి పంపాడు. దాంట్లో కోయిసైట్ అనే ఖనిజం దొరికింది. మామూలు ఇసకలో ఉండే సిలికానే అది, కాకపోతే విపరీతమైన ఒత్తిడిలో తప్ప ఆ రూపం రాదు. నేల పైపొరలో ఏ అగ్నిపర్వతానికీ అంత ఒత్తిడి ఉండదు. అంటే పైనుంచి ఏదో వచ్చి గుద్దింది. దాంతో వందేళ్ళ వాదం తేలిపోయింది. రాయి పేరు సూవైట్. ఆ ఊరి చర్చి మొత్తం దానితోనే కట్టారు. ఐదు వందల ఏళ్ళుగా జనం ఆ రుజువుకి వీపు ఆనించి కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు! మన దక్కన్‌లో, మహారాష్ట్రలోని లోనార్ సరస్సుకీ ఇదే కథ. 1.8 కిలోమీటర్ల గుంట, దాన్నీ ముందు అగ్నిపర్వతమే అనుకున్నారు.

1970 ఆగస్టులో అపోలో 14 వ్యోమగాములు అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ ఇక్కడికి శిక్షణకు వచ్చారు. చంద్రుడి మీద గుంటలు దాదాపు అన్నీ ఇలా పడినవే కదా, ఏ రాయి ఏరుకు రావాలో తెలియాలి. వాళ్ళతో వచ్చిన యూజీన్ సెర్నన్ తరవాత అపోలో 17లో చంద్రుడి మీద చివరిగా నడిచిన మనిషి. తోళ్ళ పేటలోనే 1503 నాటి పాత కొట్టాంలో ఇప్పుడు రీస్ మ్యూజియం ఉంది. అందులో అపోలో 16 తెచ్చిన చంద్రుడి రాయి ముక్క చూడొచ్చు. వాన పడే రోజున రెండు గంటలు హాయిగా గడిచిపోతాయి.

కానీ ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. సూవైట్ చెక్కడానికి సులువు, నిలబడటానికి అంత మంచిది కాదు. నీళ్ళు పీలుస్తుంది, చలికి పొరలు ఊడుతుంది. చర్చికి మేము చూసినప్పుడు ఒక పక్క పరంజా కట్టి ఉంది. ఇలాంటి రాయితో కట్టినప్పుడు పరంజా విప్పే రోజు ఉండదు. ఒక పక్క అయ్యేసరికి ఇంకో పక్క మొదలు. మన దగ్గర పాత గుడికో కోటకో రిపేరు అంటే, ఒకసారి సిమెంటు పూసి శిలాఫలకం పెట్టేస్తే అయిపోయిందనుకుంటాం. సున్నపు కట్టడం మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాదు, రాయే తినుకుపోతుంది. నేను సర్వీసులో ఉండగా ఇది చెప్పి చెప్పి అలిసిపోయాను. ఇక్కడ కుర్ర ఇంజనీర్లు ఎవరైనా ఉంటే ఇంకోసారి వింటారని చెబుతున్నాను.

సమయం అయిపోతోందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోత: వజ్రాలున్నాయంటారు కదా ఆ చర్చి గోడలో, నిజమేనా?)

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. గోల్కొండ వజ్రాల నేల మీద పుట్టినవాళ్ళం. (నవ్వులు) నిజమే. కింద రాయిలో ఉన్న గ్రాఫైట్ ఆ గుద్దుడు ఒత్తిడికి వజ్రమైంది. ఆ ప్రాంతంలో మొత్తం 72,000 టన్నులు ఉండొచ్చని ఒక అంచనా. కానీ ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మైక్రోస్కోపు కావాలి. కాబట్టి ఉంగరం మాట మరిచిపోండి. మా ఆవిడకీ అదే చెప్పాను.

(శ్రోత: శాకాహారులకు తిండి దొరుకుతుందా అండీ?)

దొరుకుతుంది. పిండితో చేసిన పొట్టి నూడుల్స్‌లో చీజ్ కలిపి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేసి ఇస్తారు. ఆ ప్రాంతంలో ఏ చిన్న హోటల్లో అయినా ఉంటుంది. వానలో వేడివేడిగా బాగుంది. కాస్త కారం ఉంటే ఇంకా బాగుండేది, సంచిలో కారప్పొడి ఉంది గనుక సరిపోయింది.

(శ్రోత: ఆ గోడకు ఆనుకున్న ఇళ్ళలో వాళ్ళు తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చా? లేక ప్రభుత్వం అడ్డుపడుతుందా?)

మంచి ప్రశ్న. అంత సులువు కాదు. పాత కట్టడాల రక్షణకు బవేరియాలో 1973 నుంచి చట్టం ఉంది. జాబితాలో ఉన్న ఇల్లయితే కిటికీ చట్రం మార్చాలన్నా, పెంకు రకం మార్చాలన్నా అనుమతి కావాలి. కొంత సాయం అందుతుంది, కానీ ఖర్చులో పెద్ద వాటా ఇంటివాళ్ళదే. మా అమ్మాయి ఆఫీసులో ఒకామె ఇలాంటి ఊళ్ళోనే, ఇలాంటి ఇంట్లోనే పెరిగిందట. నేను ఆ గోడ గురించీ పెంకుల గురించీ ఉత్సాహంగా చెబుతుంటే మర్యాదగా అంతా విన్నది. చిన్నప్పుడు వాన పడితే అటక మీద గిన్నెలు పెట్టే డ్యూటీ తనదేననీ, ఇప్పుడు ఆగ్స్‌బర్గ్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాననీ, పైకప్పు గురించి ఆలోచించి చాలా ఏళ్ళయిందనీ చెప్పింది. వాళ్ళ నాన్నగారు మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారట, పెంకులు తనే మార్చుకుంటూ.